కలపకు కాగితం.. యంత్రానికి కరెంటు.. చెక్కకు ఆరుదల!
చిన్న వడ్రంగిశాలలకు కర్నూలు, కడప ప్రాంతాల్లో ముడిసరకు, పరికరాల కొనుగోలు వివరాలు

కర్నూలు, కడప: వర్షాకాలంలో బిగుతుగా కూర్చిన టేకు తలుపు వేసవి వచ్చేసరికి పలకల మధ్య వెలుతురు కనబడేలా విడిపోతుంది. దర్వాజా మూలల్లో బిగువు సడలుతుంది. ఇంటి యజమాని వడ్రంగి పనితనాన్ని తప్పుపడతాడు. వడ్రంగి కలప వ్యాపారిని నిందిస్తాడు. చాలా సందర్భాల్లో అసలు కారణం చెక్కలో మిగిలిపోయిన తేమ. దూరప్రాంతాల నుంచి పచ్చిగా వచ్చిన కలపను రాయలసీమ పొడిగాలికి అలవాటు పడనీయకుండానే పనిలో పెట్టడం వలన ఈ నష్టం జరుగుతోంది. ఇద్దరు ముగ్గురు పనివారితో నడిచే దుకాణానికి ఇలాంటి ఒక్క తలుపును తిరిగి చేసి ఇవ్వవలసి వస్తే ఆ పనిపై వచ్చిన లాభమంతా పోతుంది.

కొత్తగా దుకాణం పెట్టేవారు సాధారణంగా ముందు యంత్రాలు కొని, ఆ తరువాత కలప గురించి ఆలోచిస్తారు. ఈ ప్రాంతంలో క్రమం తిరగబడితేనే మేలు. మొదట కలప ఎక్కడిదో తెలిపే కాగితం, తరువాత కొలత, ఆపై ఆరుదల, చివరికి యంత్రం. ఈ నాలుగింటి వివరాలు ఇవి.

కలప దొరికే తావులు

నల్లమల అడవి కర్నూలు ప్రాంతానికి తూర్పు అంచున ఉన్నా, అక్కడి టేకు, ఏగి, నల్లమద్ది చిన్న వడ్రంగికి నేరుగా అందుబాటులో ఉండవు. నల్లమలలో అధికభాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం పరిధిలోనిది. దీనికితోడు ఆమోదం పొందిన కార్యప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో ఆదేశించింది. అందువలన అటవీశాఖ వేలంలో అమ్మిన కలప, రైతుల పట్టా భూముల్లోని చెట్లు, దిగుమతి కలప, పాత ఇళ్ల కలప.. ఈ నాలుగే న్యాయమైన వనరులు.

దిగుమతి టేకు ఎక్కువగా ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల తోటల నుంచి వస్తున్నది. బర్మా 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. కాబట్టి ‘బర్మా టేకు’ పేరుతో దుంగలు చూపితే, అవి ఏనాటివో తెలిపే పత్రాలను అడగాలి. తోట టేకులో వయసు తక్కువ దుంగలకు చుట్టూ తెల్లచెక్క వెడల్పుగా ఉంటుంది. తెల్లచెక్కకు రంగు పూసి చేవగా చూపే వారూ ఉంటారు. అనుమానం కలిగితే చివర ఒక అంగుళం కోయించి లోపలి రంగు చూడాలి. చేవ బంగారు వన్నె కలిగిన గోధుమరంగులో, తాకితే కొంచెం నూనె జిడ్డుగా, కోసినప్పుడు తోలు వంటి వాసనతో ఉంటుంది.

ఊళ్లలో దొరికే కలపలో వేప ముఖ్యమైనది. దీని చేవ చెదలను కొంతవరకు తట్టుకుంటుంది. దర్వాజాలకు, కిటికీలకు పనికివస్తుంది. అయితే ఆరేటప్పుడు మెలిక తిరుగుతుంది కనుక బరువు పెట్టి ఆరబెట్టాలి. నల్లతుమ్మ గట్టిది, దెబ్బకు ఓర్చేది. బండిచక్రాలకు, నాగళ్లకు, పనిముట్ల పిడులకు తరతరాలుగా వాడుతున్నారు. చింత గానుగలకు, కొయ్యసుత్తులకు, మాంసం కొట్టే మొద్దులకు తగినది. రాజంపేట, కోడూరు వైపు తోటల్లో కాపు తగ్గిన మామిడి చెట్ల చెక్క చౌకగా దొరుకుతుంది. పెట్టెలకు, లోపలి అరలకు సరిపోతుంది గాని పురుగు త్వరగా పడుతుంది.

వంటచెరకుగా మాత్రమే చూసే ఇంగ్లీషు తుమ్మకూ వడ్రంగిలో చోటున్నది. 1870వ దశకం చివర కడప జిల్లా కమలాపురంలో నాటిన ఈ విదేశీ చెట్టు ఇప్పుడు చెరువు గట్లను, బీళ్లను ఆక్రమించింది. దీని చేవ గట్టిది, ఆరినప్పుడు కుదింపు తక్కువ. వంకరగా, పొట్టిగా పెరుగుతుంది కనుక పొడవైన పలకలు రావు. పిడులు, పీటలు, కుర్చీ కాళ్లు, లేత్‌పై చేసే చిన్న వస్తువులకు వాడుకోవచ్చు.

పాత మిద్దెలు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, దంతెలు, స్తంభాలు, ద్వారబంధాలు ఈ ప్రాంతపు ప్రత్యేక వనరు. దశాబ్దాలపాటు ఇక్కడి గాలికే ఆరిన ఈ కలపకు కొత్తగా ఆరుదల దాదాపు అవసరం లేదు. కొనేముందు సుత్తితో కొట్టి చూడాలి. గంగుమనే శబ్దం వస్తే లోపల గట్టిగా ఉన్నట్లు, బొంగురుగా వినిపిస్తే పుచ్చినట్లు గుర్తు. గోడలో దిగిన చివరలను తప్పక పరీక్షించాలి. చెదలు ముందు చేరేది అక్కడికే. ఇనుప మేకులు, సీలలు మొత్తం తీయకుండా యంత్రంపై పెడితే బ్లేడు పళ్లు ఊడిపోతాయి. ఇల్లు కూల్చిన యజమాని నుంచి సంతకంతో కూడిన అమ్మకపు చీటీ తీసుకోవడం మరవరాదు.

కాగితం లేని కలప కలప కాదు

పట్టా భూమిలోని చెట్టు కొట్టాలన్నా ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) 2002 కింద అనుమతి పొందవలసి ఉంటుంది. కలప రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు వర్తిస్తాయి. కొన్ని తోట జాతులకు మినహాయింపు ఉన్నది. కొనదలచిన జాతి ఆ జాబితాలో ఉన్నదో లేదో లారీ కదలకముందే అటవీ రేంజి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. రాష్ట్రాల మధ్య రవాణా సులభం చేయడానికి కేంద్రం నేషనల్ ట్రాన్సిట్ పాస్ వ్యవస్థను 2023 డిసెంబరు 29న దేశవ్యాప్తంగా ప్రారంభించింది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల నుంచి సరకు తెచ్చే కర్నూలు, కడప వడ్రంగులకు దీని గురించి తెలిసి ఉండటం అవసరం.

అడితిలో కోత చెక్క కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. బిల్లుపై జాతి పేరు, కొలత, ముక్కల సంఖ్య విడివిడిగా రాయించాలి. ‘కలప - ఒక లోడు’ అని రాసిన బిల్లు తనిఖీ సమయంలో అక్కరకు రాదు. దుకాణంలో ఒక పుస్తకం పెట్టి, వచ్చిన కలప, వాడిన కలప తేదీలవారీగా నమోదు చేస్తే మిగిలిన నిల్వ ఏ బిల్లుకు చెందినదో చూపవచ్చు.

మరొక ముఖ్య విషయం సామిల్లు అనుమతి. రాష్ట్రంలో సామిల్లుల క్రమబద్ధీకరణకు 1969 నుంచి నియమాలున్నాయి. కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త సామిల్లులు తెరవరాదని 2002 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ఆదేశించింది. తరువాత 2016లో కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ కలప ఆధారిత పరిశ్రమలకు మార్గదర్శకాలు ఇచ్చింది. దుంగలు కోసే శాల వేరు, కోసిన చెక్కతో సామాను చేసే శాల వేరు అన్నది వీటిలోని కీలకమైన తేడా. వడ్రంగి తన సౌకర్యానికి పెద్ద బ్యాండ్‌సా కొని ఊరివారి దుంగలు కోయడం మొదలుపెడితే, ఆ శాలను సామిల్లుగా పరిగణించే అవకాశం ఉన్నది. అందువలన బ్యాండ్‌సాకు బయానా ఇచ్చేముందే యంత్రం పరిమాణం, మోటారు శక్తి, చేయబోయే పని పేర్కొంటూ డివిజనల్ అటవీ అధికారికి దరఖాస్తు పెట్టి, రాతపూర్వక సమాధానం పొందడం క్షేమం. దుంగలను అనుమతి ఉన్న సామిల్లులో కోయించి, శాలకు చెక్కగా తెచ్చుకోవడం చిన్న దుకాణాలకు అనువైన పద్ధతి.

ఎర్రచందనంతో జాగ్రత్త

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లో సహజంగా పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా అడవిగా లేదు. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందం రెండో అనుబంధం పరిధిలో ఉన్నది. అక్రమ రవాణాపై శిక్షలను రాష్ట్రం 2016లో అటవీ చట్టానికి చేసిన సవరణతో మరింత కఠినం చేసింది. బొమ్మ చెక్కడానికని పత్రం లేని చిన్న ముక్క తెచ్చినా కేసు తప్పదు. రైతు తన పొలంలో పెంచిన చెట్టయినా నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి ఉండాలి. పాత ఇంటి కలపలో ముదురు ఎరుపు రంగు, అసాధారణమైన బరువు ఉన్న దూలం కనబడితే కొనేముందు అధికారులకు చూపాలి. ఎర్రచందనం చేవ నీటిలో మునిగేంత బరువైనది.

కొలతలో మోసపోకుండా

దుంగను అడితిలో సాధారణంగా ‘నాలుగోవంతు చుట్టుకొలత’ లెక్కన కొలుస్తారు. నడుమ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చిస్తారు. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు అయితే నాలుగోవంతు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు. ఒకటిని ఒకటితో, ఆపై పదితో గుణిస్తే 10 ఘనపుటడుగులు. అదే దుంగ అసలు ఘనపరిమాణం సుమారు 12.7 ఘనపుటడుగులు. ఈ పద్ధతిలో కోతకు పోయే తరుగును కొంత ముందే మినహాయించినట్లవుతుంది. అమ్మకందారు ఏ లెక్క వాడుతున్నాడో ముందే తేల్చుకోకుంటే ధర పోల్చడం సాధ్యం కాదు. బెరడుతో కొలిచారా, బెరడు తీసి కొలిచారా అన్నదీ అడగాలి. సర్కారు డిపోల్లో కొలత ఘనమీటర్లలో ఉంటే, ఒక ఘనమీటరు 35.3 ఘనపుటడుగులని గుర్తుంచుకోవాలి.

దుంగ ధరను కోత చెక్క ధరతో నేరుగా పోల్చరాదు. ఉదాహరణకు ఘనపుటడుగు 2,000 రూపాయల లెక్కన 10 ఘనపుటడుగుల దుంగ కొంటే ఖర్చు 20,000 రూపాయలు. అందులో పనికివచ్చే చెక్క 6 ఘనపుటడుగులు వస్తే, కోత కూలి కలపకముందే ఘనపుటడుగు 3,333 రూపాయలు పడినట్లు. వంకర, పగుళ్లు, బోలు ఉన్న దుంగలో ఇంకా తక్కువ వస్తుంది.

కోత చెక్కకు వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకొని మూడింటిని గుణించి 144తో భాగించాలి. నాలుగు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందంతో ఏడడుగుల నిలువులు రెండు, మూడున్నర అడుగుల అడ్డం ఒకటి ఉన్న దర్వాజాకు మొత్తం పొడవు పదిహేడున్నర అడుగులు. లెక్క 1.46 ఘనపుటడుగులకు వస్తుంది. చిత్రిక పట్టిన తరువాత మందం తగ్గుతుంది కనుక అంచనా రాసేటప్పుడే ఆ తరుగు కలపాలి.

ఆరుదలే అసలు పెట్టుబడి

పచ్చి చెక్క 28 నుంచి 30 శాతం తేమ వద్దకు వచ్చేవరకు కుదించుకోదు. అక్కడి నుంచి ఆరేకొద్దీ వెడల్పు తగ్గుతుంది. వార్షిక వలయాల వెంబడి జరిగే కుదింపు, వలయాలకు అడ్డంగా జరిగే కుదింపు కంటే దాదాపు రెట్టింపు. వలయాల వెంబడి కోసిన 18 అంగుళాల వెడల్పు టేకు పలకలో తేమ 20 నుంచి 8 శాతానికి పడిపోతే సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. తలుపు పలకల మధ్య వెలుతురు కనబడేది ఈ సెంటీమీటరు వల్లనే. పలకలను చట్రపు గాడిలో జిగురు పెట్టకుండా కదిలేలా అమర్చే పాత పద్ధతి ఈ కారణంగా వచ్చినదే. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ బాగా పడిపోతుంది. తలుపులు, సామాను చేసే చెక్క 8 నుంచి 12 శాతం తేమకు దిగాకే పనిలో పెట్టడం మంచిది.

అంగుళం మందానికి ఒక సంవత్సరం ఆరబెట్టాలన్నది పాత వాడుక. ఈ ఎండలకు అంతకంటే ముందే ఆరవచ్చు గాని, తొందరే చెక్కను చీలుస్తుంది. నేరుగా ఎండలో పెడితే పైపొర ముందు ఆరి బీటలు పడుతుంది. నీడలో, నేలకు అడుగు ఎత్తున, రెండడుగులకొకటి చొప్పున అంగుళం మందపు పట్టీలు వేసి పేర్చాలి. పట్టీలన్నీ ఒకదానిపై ఒకటి నిలువు వరుసలో ఉండాలి. పైన బరువు పెట్టాలి. చెక్క చివరల నుంచి తేమ వేగంగా పోతుంది కనుక కోసిన రోజే చివరలకు పెయింటు లేదా మైనం పూయాలి. ఏప్రిల్, మే నెలల వడగాలులకు పేర్పు పక్కలను గోనెపట్టాలతో కప్పడం మేలు.

తేమ కొలిచే సూదుల మీటరు ఉంటే పలక నడుమ, చివర కంటే అడుగు లోపల కొలవాలి. మీటరు లేనివారికి తూకమే సాధనం. పేర్పులోంచి ఒక పలక ఎంచి, వారం వారం తూచి, బరువును సుద్దతో దానిపైనే రాయాలి. వరుసగా కొన్ని వారాలు బరువు మారకపోతే చెక్క ఇక్కడి గాలికి సమానమైనట్లు. కచ్చితమైన శాతం కావాలంటే చిన్న ముక్కను తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడ అయ్యేవరకు ఆరబెట్టి, మళ్లీ తూచాలి. మొదట 250 గ్రాములు, ఆరాక 215 గ్రాములు అయితే తగ్గిన 35 గ్రాములను 215తో భాగించగా తేమ 16 శాతం పైచిలుకు. అది ఇంకా పనికి సిద్ధం కాని చెక్క.

మామిడి వంటి చెక్కలకు, ఏ జాతికైనా తెల్లచెక్కకు పుచ్చుపురుగు త్వరగా పడుతుంది. ఒక పాలు బోరిక్ యాసిడ్, ఒకటిన్నర పాళ్లు బోరాక్స్ కలిపిన నీటి ద్రావణంలో పచ్చిగా ఉన్నప్పుడే ముంచి తీయడం తెలిసిన ఉపాయం. ఈ మందు నీటికి కరిగిపోతుంది గనుక వానకు తడిసే పనులకు పనికిరాదు.

ప్లైవుడ్ కొనేవారు ఐఎస్‌ఐ ముద్రతోపాటు దాని కింది సంఖ్యను చూడాలి. ఐఎస్ 303 సాధారణ అవసరాల ప్లైవుడ్‌కు, ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌కు, ఐఎస్ 2202 ఫ్లష్ తలుపులకు సంబంధించినవి. వంటగది గట్టు కింద, స్నానాలగది తలుపుకు సాధారణ రకం వాడితే పొరలు విడిపోతాయి.

కరెంటును బట్టి యంత్రం

చిన్న దుకాణానికి మొదట కావలసినవి రందా యంత్రం, గుండ్రని రంపం, డ్రిల్లు, రూటరు. రందా, రంపం, రంధ్రం మూడూ ఒకే బల్లపై చేసే జమిలి యంత్రం స్థలం ఆదా చేస్తుంది గాని, ఒక పని నుంచి మరో పనికి మార్చడానికి సమయం పడుతుంది. ఇద్దరు ఒకేసారి పనిచేసే చోట విడివిడి యంత్రాలే నయం.

రెండు హెచ్‌పీల సింగిల్ ఫేజ్ మోటారు నిండు పనిలో సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటుంది, ప్రారంభంలో అంతకు ఎన్నో రెట్లు. మూడు హెచ్‌పీల త్రీఫేజ్ మోటారుకు ఒక్కో తీగలో 5 ఆంపియర్ల లోపే. ఓల్టేజీ 20 శాతం పడిపోతే మోటారు తిప్పే బలం 64 శాతానికి దిగుతుంది. గట్టి తుమ్మ చెక్క కోసేటప్పుడు మోటారు ఆగి కాలిపోయేది అప్పుడే. అందుకే మోటారు ఎంచుకునే ముందు వారంపాటు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఓల్టేజీ రాసి చూడాలి. ఇంటి మీటరుపై శాల నడపరాదు. వ్యవసాయ కనెక్షన్ నుంచి తీగ లాగడం నేరం. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షన్ కార్యాలయంలో మొత్తం హెచ్‌పీలు చూపి తగిన కేటగిరీలో కనెక్షన్ తీసుకోవాలి. ఎర్తింగ్, ఓవర్‌లోడ్ రిలే తప్పనిసరి.

కర్నూలుకు సుమారు 210 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు, కడపకు చెన్నై, బెంగళూరు యంత్రాల అంగళ్లకు దగ్గరి నగరాలు. ధర కంటే ముందు బేరింగులు, బెల్టులు, రందా బ్లేడ్లు తమ ఊరిలో దొరికే కొలతలవేనా అని చూడాలి. పాత యంత్రం కొంటే ఉక్కు స్కేలుతో బల్ల చదునును, చేత్తో కదిపి ఇరుసు వదులును పరీక్షించి, అరగంట నడిపి బేరింగు వేడి చూడాలి. గుండ్రని బ్లేడుపై ముద్రించిన గరిష్ఠ వేగం మోటారు వేగం కంటే ఎక్కువ ఉండాలి. 12 అంగుళాల బ్లేడు నిమిషానికి 2,880 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 46 మీటర్ల వేగంతో కదులుతుంది. రక్షణ తొడుగు, బ్లేడు వెనుక చీలికను తెరిచి ఉంచే కత్తి తీసేసి పనిచేయడం వలన వేళ్లు పోతాయి.

కలప దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. తలగుడ్డ ముక్కుకు చుట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు. మాస్కు, దుమ్ము లాగే సంచి యంత్రంతోపాటే కొనవలసిన వస్తువులు. యంత్రాలున్నా ఉలి, బాడిస, చేతి చిత్రిక, మూలమట్టం లేకుండా కూర్పు పూర్తికాదు. టేకుకు ఉలి అంచు 25 డిగ్రీలు సరిపోతుంది. తుమ్మ, చింతలకు 30 డిగ్రీలకు పెంచితే పదును నిలుస్తుంది.

సాయం ఎక్కడ

కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగి ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల రుణం ఇందులో ఉన్నాయి. కుటుంబానికి ఒకరికే అవకాశం. కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్‌తో దరఖాస్తు చేయాలి. ఇంకా పెద్ద శాలకు పీఎంఈజీపీ కింద 50 లక్షల రూపాయల వరకు ఖర్చయ్యే తయారీ యూనిట్లకు 15 నుంచి 35 శాతం రాయితీ ఉన్నది. వివరాలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో లభిస్తాయి. కలప జాతి గుర్తింపు, ఆరుదల విషయాల్లో సందేహాలకు బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ (ఐడబ్ల్యూఎస్‌టీ) దగ్గరిది.

రుణం మంజూరైనవారు మొత్తం యంత్రాలకే వెచ్చించక, కొంత భాగాన్ని ఆరు నెలల పనికి సరిపడే చెక్క కొని పేర్చడానికి కేటాయించుకోవాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పేర్చిన అంగుళం మందపు పలకలు వానలు మొదలయ్యేలోపు చాలావరకు ఆరుతాయి. తూకం నిలకడయ్యాక వాటిని గాలి, చెమ్మ చొరబడని గదిలోకి మార్చి, శ్రావణమాసపు గృహప్రవేశాలకు వచ్చే తలుపుల పనికి వాడుకోవచ్చు.